కూలర్ ముందు చెప్పులు

మా ఇంట్లో కూలర్ ముందు ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉండేవి. నీళ్లు పోసేవాళ్లు అవి తొడుక్కునే పోయాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు కూలర్ ఇనుప డబ్బా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. చవగ్గా వచ్చిందని కొన్న ఇన్వర్టర్ కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాం. మూడేళ్లు అలాగే గడిపాం. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఈ ఎండాకాలం మా బిడ్డ భవ్యశ్రీ తొమ్మిది నెలల పాపతో తాండూరు వచ్చింది. అదే వారం ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి బాలస్వామిని పిలిచాను. పదేళ్లు నాపరాయి గనిలో బండలు లేపి, తర్వాత వైరింగ్ పని నేర్చుకున్న మనిషి. మాట తక్కువ. మా ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసింది ఆయనే.

వచ్చినవాడు బ్యాటరీ దగ్గరికి పోకుండా చెప్పుల దగ్గరే ఆగిపోయాడు.

"గివి ఎవరియి మహేశ్వరక్కా?"

సంగతి చెప్పాను. వెంటనే ఇన్వర్టర్ బందు చేసి కూలర్ ప్లగ్గు పీకేశాడు. నాకు కోపమొచ్చింది.

"గీ ఎండల పసిపిల్లను పెట్టుకొని ఎట్లుండాలె? చెప్పులేసుకుంటనే ఉన్నం గదా."

ఆయన తడి బండల మీద పాకుతున్న పాపను చూపించాడు.

"గామె గూడ ఏసుకుంటదా?"

పాపను చంకనెత్తుకున్నాను.

పెరట్లో, డబ్బాకు పాకిన కరెంటును భూమిలోకి దించే ఎర్తింగ్ రాడ్ దగ్గర మట్టి తీయడం మొదలుపెట్టాడు. మనిషి ఎత్తుకు మించి లోపలికి దిగి ఉండాల్సిన రాడ్ రెండు జానలకే ఊడి చేతికొచ్చింది. కింద అంతా బండ. ఎవరో రాడ్‌ను రంపంతో కోసి, పొట్టి ముక్కను పాతేశారు. ఏ దరిద్రుడు చేశాడో అని తిట్టబోయాను.

"నేనే అక్కా," అన్నాడు తల ఎత్తకుండా. "బండ తగిలింది. ఎవరు చూస్తరులే అనుకున్న."

గనిలో పదేళ్లు చేసిన మనిషికి బండ అడ్డమొచ్చిందా? ఆ మాటే మొహం మీద అనేశాను.

మరునాడు పొద్దున్నే గడ్డపార, సమ్మెట తెచ్చాడు. రెండు రోజులు బండ పొరలు ఒక్కొక్కటే లేపాడు. తడి మట్టి తగిలాక కొత్త రాడ్ నిండా దించి బొగ్గు, ఉప్పు పోశాడు. అక్కడి నుంచి పచ్చ వైరు ఇన్వర్టర్ డబ్బాకూ, కూలర్ డబ్బాకూ వేశాడు. ఇన్వర్టర్‌లోకి కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ వైరును మాత్రం ఎర్తింగ్‌కు కలపలేదు. ఇలాంటి చవక సరుకుకు అలా కలిపితే లోపల కాలిపోతుందట. అంతా మీటరుతో కొలిచి, చెప్పులు తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టాడు. పాత పొట్టి రాడ్ ముక్కను బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరగకముందే పాప మొదటిసారి లేచి నిలబడింది. పట్టుకుని లేచింది కూలర్‌నే. అప్పుడు కరెంటు లేదు, ఇన్వర్టర్ నడుస్తోంది. కింద బండలు తడిగా ఉన్నాయి. నేను ఒక్క ఉరుకున వెళ్లాను. పాప మాత్రం రెండు పళ్లూ చూపించి నవ్వుతోంది.

బాలస్వామికి ఫోన్ చేసి చెప్పాను. అవతల గడ్డపార కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"బొంరాస్‌పేటల ఒకరింట్ల తవ్వుతున్న అక్కా," అన్నాడు. "నేను గట్ల కోసినయి ఇంకా పదకొండు ఇండ్లల్ల ఉన్నయి."