పాస్‌పోర్టు ఎవరి కాడుంది?

షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో మా గదిలో ఉండే జగిత్యాల మేస్త్రీ ఎవరినీ తిన్నావా అని అడిగేవాడు కాదు. "పాస్‌పోర్టు ఎవరి కాడుందిరా?" అనేవాడు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, దగ్గరుందంటే మండిపడేవాడు.

"మా తాత దొరకు వెట్టి చేసిండు. మీరు ముదీర్‌కు చేస్తున్రు. ఏం ఫరకుంది?"

కరోనా ఏడాది ఆయన ఇనుప కడ్డీతో ఆఫీసు బీరువా పగలగొట్టి, మా పాస్‌పోర్టులు మాకు పంచాడు. పోలీసులు ఆయన్ను పట్టుకెళ్లి, తర్వాత ఊరికి పంపేశారు. బీరువా పగిలిన మరునాడు ముదీర్ అడగనైనా అడగలేదు. మావాళ్లే వరసలో నిలబడి పాస్‌పోర్టులు తిరిగిచ్చారు. ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న ఆయన కూతురు నర్సుగా షార్జా వచ్చి, నాకు ఫోన్ చేసింది.

"కాకా, నీ పాస్‌పోర్టు ఎవరి కాడుంది?"

"నా కాడనే ఉంది బిడ్డా."

"మరి మిగిలినోళ్లయి?"

కంపెనీ కాడనే ఉన్నాయని చెప్పాను.

"గా బీరువా ఇంకా గాడనే ఉందా, కాకా?"