బావ ఇత్తడి లైటరూ, నా తగరపు డబ్బీ

గోడపత్రిక పాఠక మహాశయులారా, పెద్దలు నేర్పిన మర్యాదలన్నీ మంటగలిసేలా ఈ నాలుగు ముక్కలు రాస్తున్నందుకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

పాపకు జ్వరం తగ్గితే తిరుత్తణి కొండకు మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగిస్తానని అక్క మొక్కుకుంది. ఈ రోజు పొద్దున వెళ్ళాం. మొదటి మెట్టు దగ్గరే జల్లు పడి అగ్గిపెట్టె నానిపోయింది. బావ దర్జాగా మద్రాసు బర్మా బజారులో కొన్న విదేశీ లైటరు తీశాడు. బరువైన ఇత్తడి ఒళ్ళు, బిగువైన మూత, వత్తి చుట్టూ గాలిని ఆపే చిల్లుల గూడు. నాది తిరువళ్ళూరు సంతలో కొన్న తగరపు లైటరు. మూత వదులు, పోసిన పెట్రోలు సాయంత్రానికి ఆవిరి.

"ఆ డబ్బీని ఇంకా పారెయ్యలేదేమిరా బామ్మర్దీ? ఇది సూడు, తుపానులో గూడా వెలుగుతాది" అంటూ బావ చక్రం తిప్పాడు. తిప్పి తిప్పి బొటనవేలు ఎర్రబడింది గానీ ఒక్క నిప్పురవ్వ రాలలేదు.

"అయ్యో, మొక్కు నిలిచిపోతాదే!" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కొంచిం జరుగు బావా" అన్నాను. నా డబ్బీ ఒక్క తిప్పుకే భగ్గుమంది. చివరి మెట్టు దాకా వెలిగించింది నేను, వెనకాల కర్పూరం పొట్లం మోసింది బావ!

ఇత్తడి గొప్పదా, తగరం గొప్పదా? మీ తీర్పు కింద రాయండి. నేను చేసింది మాత్రం ఒక్కటే. నా లైటరులో నిప్పురవ్వ పుట్టించే రాయి అరిగిపోయింది. రెండింటికీ పట్టేది ఒకే రకం రాయి కాబట్టి, పొద్దున బయల్దేరే ముందు బావ స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన లైటరులోది తీసి నా దాంట్లో వేసుకున్నాను.