రాజోలు కాంపులో రాజ్మా

ఎనభైల్లో, ఆగస్టు నెల. గోదావరి వరద పట్టిన ఆరో రోజు ఉదయం ఏడూ నలభైకి మా పడవ రాజోలులో ఒక బడి మెట్లకు తగిలింది. నేను సైన్యంలో నర్సును, హోదా లెఫ్టినెంటు. ముసురు. మోకాలి లోతు నీళ్లు. నా వెంట నాలుగు మందుల పెట్టెలు, ఒక ట్రంకు. మేడ మీది గదుల్లో ఇళ్లు మునిగి వచ్చినవాళ్లు రెండు వందల పద్నాలుగు మంది.

వైద్యంతో పాటు వంట కూడా నాదేనని మేజరు గారి ఉత్తర్వు. కందిపప్పు లేదు. బియ్యం కాక ఉన్నవి ఎర్ర రాజ్మా రెండు బస్తాలు, ఉత్తరాది పటాలాలు తినేవి. మనిషికి అరవై గ్రాములు. రోజుకు పన్నెండు కిలోల ఎనిమిది వందల నలభై గ్రాములు. ఒంటికి బలమిచ్చే తిండి మరొకటి లేదు.

తాగే నీళ్లు పీపాల్లో, అదీ కొద్దిగా వచ్చేవి. అందుకే గింజలు నానిన నీళ్లు పారబోయొద్దన్నాను, వాటిలోనే ఉడికించమన్నాను. మా కొత్తపేట ఇంట్లో పులుసు పెట్టినట్టే చింతపండు రసం మొదటే పోయించాను. మూడు గంటలు ఉడికినా గింజ రాయిలాగే ఉంది. మొదటి రోజు పదకొండు మందికి వాంతులు, కడుపునొప్పి. రెండో రోజు పదిహేడు మందికి.

"గోళీలాడుకోడానికిచ్చేరా అండీ?" అన్నాడొక ముసలాయన.

ఆ బడిలో పిల్లలకు వండిపెట్టే కాంతమ్మ కూడా కాంపులోనే ఉంది. ఆ సాయంత్రం తన వాటా గింజలు విడిగా వండి ముసలివాళ్లకు పెట్టింది.

"వెన్నలా ఉన్నాయి మేడమ్, ఒకసారి ఆమెను అడగండి," అన్నాడు నాతో వచ్చిన వంట హవల్దారు.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

అది అసూయ. నా భుజం మీద రెండు నక్షత్రాలు. నన్ను చూస్తే జనం లేచి నిలబడేవారు, అంతే. నేనిచ్చిన మాత్ర మింగకుండా కొంగున కట్టుకునేవారు. ఆమె వాము నలిపి ఇస్తే నోరు తెరిచేవారు. రెండు రోజులు అడగలేదు. ఆ రెండు రోజుల్లో మరో ఇరవై ముగ్గురు పడిపోయారు. వారిలో ఒకామెకు ఏడో నెల. వాంతులతో సొమ్మసిల్లితే సెలైను పెట్టాను.

నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి వైర్‌లెస్‌లో మేజరు గారు.

"కడుపు కేసులు?"

"మొత్తం యాభై ఒకటి, సార్."

"ఎల్లుండికి తగ్గకపోతే బస్తాలు వెనక్కి పంపు. గంజి పోయించు."

ఏడో నెల మనిషికి వట్టి గంజి. లేచి కాంతమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఎలా వండేవు?"

"ఆయ్, ఇప్పటికైనా అడిగేరు. నానిన నీళ్లు పారబోసేయాలండి."

"వేరే నీళ్లెక్కడివి?"

"చూరు కింద గంగాళం పెట్టేనండి. వారం నించీ వాన కురుస్తానే ఉంది కదండీ! చింతపండు ముందే వేస్తే గింజ బిగుసుకుపోద్దండి. తెర్లనిచ్చి, వేళ్ల మధ్య నలిగేక పులుసు పొయ్యాలి. అల్లం, వాము, కాస్త ఇంగువ. మిలట్రీలో ఇయ్యి చెప్పరాండీ?"

హవల్దారు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

ఆ రాత్రి ఆమె చెప్పినట్టే నానబోయించాను. ఐదో రోజు ముగ్గురికే వాంతులు. ఆరో రోజు ఒక్కరూ లేరు. ఏడో నెల ఆమె రెండోసారి వడ్డించుకుంది.

"ఎవరు సరిచేశారు?" వైర్‌లెస్‌లో మేజరు గారు.

"కాంతమ్మ అని, ఇక్కడి వంటామె, సార్."

"ఆమె ఒప్పుకుంటే వచ్చేటప్పుడు తీసుకురా. పక్క కాంపులో దింపు."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండూ పదికి బయలుదేరాం. ఆ తర్వాత నాలుగు రోజులకు సికింద్రాబాదు ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. తర్వాత పద్దెనిమిదేళ్లు సర్వీసు చేశాను, ఎన్నో చూశాను. మనసులోంచి పోనిది ఒక్కటే. ఆ మధ్యాహ్నం పడవ కదిలింది. మేడ వరండా నిండా జనం, చేతులు ఊపుతున్నారు. నేను ముందు బల్ల మీద ఉన్నాను. గుండె నిండిపోయి చెయ్యి ఎత్తాను.

"కాంతమ్మా, తొరగా వచ్చెయ్యే!" అని కేకలు వేశారు.

ఆమె నా వెనక బల్ల మీద కూర్చుంది. ఎత్తిన చేతిని ఏం చేయాలో తోచక, వాన కళ్లలో పడకుండా అడ్డుకుంటున్నట్టు నుదుటికి ఆనించాను. అప్పుడు వాన లేదు.