సముద్రం పక్కన అడుగంటిన కూర

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు స్నేహితులతో కొండల్లో టెంటు వేసుకోవడానికి పోతూ, సులువుగా అయిపోయే కోడికూర ఏదైనా రాసిమ్మన్నాడు. నాకు దేన్నయినా అంకెలు వేసి రాయడం అలవాటు. ఒకటి: ముక్కలకు పెరుగు, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి, నిమ్మరసం కలిపి ఇంటి దగ్గరే డబ్బాకెత్తాలి. రెండు: అక్కడికి పోయాక నూనె, ఉల్లిపాయలు, ముక్కలు అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మూత పెట్టాలి. మూడు: పచ్చివాసన పోయేదాకా... అక్కడ చెయ్యి ఆగిపోయింది. మన వంటంతా ముక్కు మీదే నడుస్తుందని నాకు తెలియజెప్పినవాడు మా బావ.

బావంటే అక్క భర్త. గూడూరులో కర్రీ పాయింటు నడుపుతాడు. సాయంత్రం రైలు దిగినవాళ్ళు ఆయన గుత్తివంకాయ కోసం దారి మళ్ళి మరీ వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆయనకు గట్టిగా జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గాని మనిషి మూగపోయాడు. కొన్నాళ్ళకు అక్క నాకు ఫోన్ చేసి, "కొత్తగా గుడారం కొన్నావంట గదా. మీ బావను ఒకరోజు యాడికన్నా తీసుకుపోరా. అంగట్లో ఎవురితోనూ మాట్లాడటంలా" అంది.

ఇద్దరం బండి మీద చిల్లకూరు దాటి సముద్రం ఒడ్డుకు పోయాం. సవక తోపు వార ఇసుకలో గుడారం వేశాను. తాడు, మేకులు, రెండు టార్చిలైట్లు, వాటికి వేరే బ్యాటరీలు, ఉప్పు రెండు డబ్బాల్లో, అన్నీ సరిచూసుకునే తెచ్చాను. వల బాగుచేసుకుంటున్న వాళ్ళ దగ్గర నిప్పు అడిగి తెస్తూ, "ఇంజినీరు సామాను బలే ఉండాదిరా. అగ్గిపెట్టె ఒకటే కరువు" అన్నాడు బావ. చాలా రోజులకు ఆయన నోట ఎగతాళి విని నా మనసు తేలికపడింది.

కూర పొయ్యి మీద పెట్టాక పుల్లల కోసం నేను తోపులోకి పోయాను. తిరిగి వస్తుంటే దూరాన్నుంచే మాడు వాసన గుప్పుమంది. బావ గిన్నె పక్కనే, సముద్రం వైపు చూస్తూ నింపాదిగా కూర్చుని ఉన్నాడు.

"బావా, మాడుతోంది."

ఉలిక్కిపడి మూత తీశాడు. వంగి కళ్ళు చికిలించి చూసి, చెంబుతో నీళ్ళు పోశాడు. "అలల మోతకి వినపళ్ళేదబ్బా" అన్నాడు.

"కూరను వినేదేంది బావా?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అంగట్లో అయితే వినపడతాది. నీళ్ళు ఇగిరితే చప్పుడు మారిపోద్ది. నూనె తేలితే దించేస్తా. ఆ జ్వరం కాణ్ణించి ముక్కు పనిజెయ్యడంలా."

"అక్కకు తెలుసా?"

"చెప్పబాక. వంటోడికి ముక్కు లేదంటే అంగడికి ఎవురొస్తారు?" పొయ్యిలోంచి ఒక పుల్ల వెనక్కి లాగి అన్నాడు. "పోయిన వారం పులుసు చెడిపోయుండాది. నాకు తెలీలా. ఒకామె వాసన చూసి గిన్నె తిరిగి తెచ్చింది. పిల్లోళ్ళకి పెట్టేసుంటే?"

మాడిన ముక్కలు పక్కన పెట్టి, మిగిలినవి తిన్నాం. ఎట్టా ఉందని అడిగాడు. మాడు కొడుతోందన్నాను. "నాకు ఉప్పగా ఉండాది, కారంగా ఉండాది. కోడో బెండకాయో నమిలి చూసి చెప్పాల్సిందే" అన్నాడు. రేపు అంగడి తెరిచేలోపు అక్కకు నువ్వు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని, మాడిన గిన్నెను ఇసుకతో తోమడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే గడపలో నిలబడి చెప్పేశాడు. అక్క చేతిలోని చేట కింద పెట్టింది. "నీకు ముక్కు లేకపోతే నాకుంది. చెప్పేదానికి నోరు గూడా లేకపోయిందా?" అని లోపలికి పోయింది. బయటికి వచ్చాక ఆమె కళ్ళు చూస్తే ఏడ్చిందని తెలిసింది.

ఆనాటి నుంచి అంగడి తెరిచేముందు ప్రతి గిన్నె మూతా అక్కే తీస్తుంది. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆమె "మెంతులు ఎక్కువైనాయి" అంటే బావ క్షణం కళ్ళు మూసుకుని, గుర్తు తెచ్చుకుని, సరిచేస్తాడు. మొన్న నేను పోయినప్పుడు ఆమె "ఇంగువ చాల్లేదు" అంది. ఆయన గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇంగువ ఎట్లా ఉండేదో ఎంతకీ అందడం లేదన్నాడు. జ్వరానికి ముందటి వాసనలతోనే ఆయన ఇన్నాళ్ళూ వండుకొస్తున్నాడు. ఆ 'ముందు' అనేది రోజుకింత వెనక్కి జరిగిపోతోంది.