వెండెల్ చుట్టే పట్టీ

ఉత్తర ఫిలడెల్ఫియాలోని మా జిమ్‌లో బాక్సర్ల చేతులకు గుడ్డపట్టీలు చుట్టేది వెండెల్. డెబ్భై ఏళ్లు, వంకర ముక్కు. మణికట్టు దగ్గర మొదలుపెడతాడు. పిడికిలికి వచ్చేసరికి, పాతతరం ఛాంపియన్లలో ఎవరు గొప్పనే పాత తగువు లేస్తుంది. "మంచి వయసులో ఉన్న జో లూయీ ముందు అలీ నిలుస్తాడా?" అంటాడు. "అలీ దొరికితేగా కొట్టడానికి!" అని నవ్వుతాడు హెవీవెయిట్ టైరీక్. "గంతులేస్తే గెలిచినట్టేనట్రా?" వెండెల్‌కి కోపం పెరిగినకొద్దీ పట్టీ బిగుస్తుంది. "బాబాయ్, వేళ్లు తిమ్మిరెక్కాయి!" రోజూ ఇదే వరస, విసుక్కుంటూ విప్పి మళ్లీ చుడతాడు.

నిన్న టైరీక్ అడిగాడు, "వాళ్ల సంగతి సరే, నీ మంచి వయసులో నువ్వెవరితో తలపడ్డావ్ బాబాయ్?" వెండెల్ చేతులు ఆగాయి. "ఛాంపియన్ల ప్రాక్టీసుకి నన్ను పిలిచేవాళ్లు. ఛాంపియన్‌ని గట్టిగా కొట్టొద్దని ముందే చెప్పేవాళ్లు." చుట్టడం అయ్యాక టైరీక్ పిడికిలి బిగించి చూసుకున్నాడు. పట్టీ వదులుగా ఉంది. ఆ మాట చెప్పకుండానే గ్లవ్స్ తొడుక్కున్నాడు.