బ్యాలెట్లు చాలని ఆదివారం

2007 అక్టోబరులో నేను న్యూయార్క్‌లోని ఒక బ్యాంకులో తూర్పు యూరప్ డెస్కు సీనియర్ అనలిస్టుని. ఒక దేశంలో ప్రభుత్వం మారితే అక్కడి కరెన్సీ, బాండ్లు ఏమవుతాయో ఖాతాదారులకు ముందుగా చెప్పడం మా పని. ఆ నెల పోలండ్‌లో గడువుకు ముందే పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి.

మా డెస్కుకి పోలండ్ అచ్చిరాలేదు. రెండేళ్ళ క్రితం అక్కడ రెండు మితవాద పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తాయని అందరితోపాటు మేమూ రాశాం. పార్లమెంటు ఎన్నికలైన వెంటనే అధ్యక్ష పదవికి ఆ రెండు పార్టీల నాయకులే ఒకరి మీద ఒకరు పోటీపడ్డారు. ఆ వేడిలో పొత్తు కాస్తా పెటాకులైంది. ఈసారీ అంచనా తప్పితే డెస్కు ఎత్తేస్తామని మా డైరెక్టర్ కరెన్ మొహమాటం లేకుండా చెప్పింది. డెస్కు అంటే నేనూ, వార్సాలో పుట్టి పెరిగిన అనువాదకుడు మారెకూ. అంతే.

పోలండ్ చట్టం ప్రకారం ఓటింగ్ పూర్తిగా ముగిసేదాకా సర్వేలు, అంచనాలు బయటపెట్టకూడదు. దాన్ని వాళ్ళు ఎన్నికల మౌనం అంటారు. ఆదివారం మా టైము ప్రకారం మధ్యాహ్నం రెండింటికి అది వీడాలి. ఎగ్జిట్ పోల్ చూసి, ఆసియా మార్కెట్లు తెరిచేలోగా మేం ఖాతాదారులకు నోట్ పంపాలి. రెండు దాటింది. ఒక్క అంకె రాలేదు. వార్సాలో కొన్నిచోట్ల బ్యాలెట్ పత్రాలు చాలలేదనీ, అక్కడ ఓటింగ్ పొడిగించారనీ, అందాకా దేశమంతా మౌనమేననీ మారెక్ వార్త చదివి చెప్పాడు.

మౌనం ఎప్పటికి వీడుతుందో తెలియదు, నోట్ పంపే వేళ దగ్గరపడుతోందని కరెన్ కంగారుపడింది. ప్రభుత్వం దిగిపోవడానికి ఇష్టపడటం లేదేమో, ‘ఫలితం అనుమానాస్పదం’ అని రాసెయ్యమంది. మారెక్ మొహం మాడిపోయింది. తన దేశం గురించి అలాంటి మాట తన చేతులమీదుగా వెళ్ళడం అతనికి ప్రాణసంకటంగా ఉంది.

అప్పుడే జెర్సీ సిటీ నుంచి మా ఆవిడ శారద ఫోన్ చేసింది.

“ఏమండీ, రెండింటికల్లా అయిపోతుందన్నారుగా! లంచ్‌కి పిలిచినవాళ్ళు వెయిట్ చేస్తున్నారు.”

“బ్యాలెట్లు అయిపోయాయి గానీ ఓటర్లు అయిపోలేదు శారదా.”

“బాపట్లలో డ్యూటీ చేసినప్పుడూ ఇదే కథ చెప్పారు. సర్లెండి, మీ పులిహోర తీసి పక్కన పెడతా.”

నవ్వొచ్చింది. బాపట్లలో లెక్చరర్‌గా ఉండగా నాకు పోలింగ్ డ్యూటీ పడింది. వేళ ముగిసేసరికి వరుస బడి గేటు దాటింది. మా ప్రిసైడింగ్ ఆఫీసరు వరుస చివర్నుంచి మొదలుపెట్టి, నిలబడ్డవాళ్ళందరికీ చీటీలు ఇచ్చాడు. అలా ఇస్తే కొత్తగా ఎవరూ వచ్చి చేరలేరు, ఉన్నవాళ్ళ ఓటు పోదు. చీకటిపడేదాకా ఓట్లు వేయించాం. బయట మాత్రం రిగ్గింగ్ జరిగిపోతోందని ఒకటే పుకారు.

కరెన్‌కి ఇదంతా చెప్పాను. పత్రాలు చాలలేదంటే జనం అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారన్నమాట. అంతమంది కదిలివచ్చింది ఉన్న ప్రభుత్వాన్నే ఉంచడానికి కాకపోవచ్చన్నది నా అంచనా. ‘ఎన్నిక సక్రమం, ప్రభుత్వం మారవచ్చు’ అని రాసి, నా పేరుతోనే పంపమన్నాను. ఆమె నన్నోసారి, గడియారాన్నోసారి చూసి సరేనంది.

సాయంత్రం ఐదు కావస్తుండగా మౌనం వీడింది. ఎగ్జిట్ పోల్ ప్రకారం ప్రతిపక్షం గెలిచింది. మారెక్ నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నాకూ భలే సంతోషమేసింది. కొన్ని వారాల్లో పాత ప్రధాని దిగిపోయి కొత్తాయన వచ్చాడు, ఏ గొడవా జరగలేదు. మా డెస్కు నిలిచింది. నేను రిటైరైంది కూడా అక్కడినుంచే.

ఆ తర్వాత మాతో చేరిన ప్రతి అనలిస్టుకీ మొదటిరోజు ఒకటే చెప్పేవాణ్ణి. ఓటింగ్ ఆలస్యమైందని వార్త వస్తే, ఎవరు ఆపారని వెతికే ముందు ఎవరికోసం ఆగారో కనుక్కోవాలి.