నాయన మరిచిపోయిన గొట్టం

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రయాణమంటే బట్టలు సర్దుకోవడం కాదు, జీపు సామాన్లు సర్దుకోవడం. ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి నడిపే మా నాయనకు ఒక పాత జీపు ఉండేది. ఆదివారం వస్తే దాన్ని నల్లమల రాళ్ళ దారుల్లోకి తోలే పిచ్చి కూడా ఉండేది. శనివారం సాయంత్రమే ఇనుప పెట్టె తెరిచి ఫ్యాన్ బెల్టు, రేడియేటరు గొట్టాలు, స్పానర్లు, జాకీ, తాడు, చివరికి బట్టల సబ్బు కూడా (డీజిలు ట్యాంకు కారితే పూయడానికి) పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పేర్చేవాడు. "ఊరికి పోతాండామా, షెడ్డు పెట్టేకి పోతాండామా?" అనేది అమ్మ. "అడవిలో అంగడి ఉండదు మే," అనేవాడు నాయన.

నంద్యాలలో నేను డిగ్రీ చదివేటప్పుడు నాకొక స్నేహితురాలు ఉండేది. గొంతును బట్టి అందరం మైకు అనేవాళ్ళం. ఒకసారి నాయన నన్ను జీపులో కాలేజీ దగ్గర దింపినప్పుడు ఆ పెట్టె చూసి, "మీ నాయన యాడికి పోయినా పాత ఇనుప సామాన్ల అంగడి మోసుకొస్తాడేందే?" అని క్లాసంతా వినేలా అడిగింది. నాకు ప్రాణం పోయినట్టయింది. అందుకే మైకును, ఇంకో ఇద్దరిని తీసుకుని నాయన జీపులో నల్లమల అడవిలోని పావన నరసింహస్వామి గుడికి బయలుదేరిన రోజు, పెట్టెలో అన్నిటికన్నా కంపు కొట్టే గొట్టాల కట్టను తీసి ఇంట్లో బియ్యం మూట వెనక దాచేశాను. ఆ చోట మా పౌడరు డబ్బాలు, దువ్వెనలు, అద్దం సర్దాను. (అడవిలో మమ్మల్ని చూడబోయేది కోతులేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.)

తిరుగు దారిలో, పొద్దు వాలుతుండగా, రేడియేటరు గొట్టం పగిలి బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. చీకటి పడేలోగా అడవి దాటాలి. నాయన ధీమాగా పెట్టె తెరిచి, అద్దంలో తన ముఖమే చూసుకున్నాడు.

"ఈడ పెట్టిన గొట్టాలు యాడ పోయినాయి?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నా నోట్లోంచి ఒక మాట జారింది. "మరిచిపోయింటావు నాయనా."

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. "అట్లనే ఉందిలే, మరిచిపోయింటా," అన్నాడు. తర్వాత నా కొత్త చున్నీ అడిగి తీసుకున్నాడు. పాత ట్యూబు ముక్క గొట్టానికి చుట్టి, దానిపైన చున్నీ బిగించాడు. తాగేనీళ్ళు చాలక మా నిమ్మకాయ రసం కూడా రేడియేటరులో పోశాడు. దారంతా జీపు నిమ్మకాయ వాసన కొట్టింది. "ఏం అంకుల్, ఊరంతా మోసుకొచ్చి అసలుదే మరిచిపోతిరే!" అని మైకు ఆళ్లగడ్డ దాకా ఆటపట్టిస్తూనే ఉంది. ఏ చిన్న మేకునూ ఎన్నడూ మరవని మనిషి, నవ్వుతూ తోలాడు. నేను మాత్రం తల ఎత్తలేదు.

నిజం చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. పెళ్ళయింది, పాప పుట్టింది, చెప్పనేలేదు. పోయిన ఏడాది నాయన పోయాడు. జీపు కొనేందుకు వచ్చినతను డ్రైవరు సీటు ఎత్తి, "ఇదేందమ్మా?" అని ఒక గొట్టం చేతికిచ్చాడు. కొత్తది. నా చున్నీలో చుట్టి ఉంది, ఉతికినా తుప్పు మరక పోలేదు. లోపల అట్టముక్క మీద నాయన విత్తన సంచులపై రాసే గుండ్రటి అక్షరాలు: "అమ్మాయి తీసేస్తే, ఇది."

ఇప్పుడు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు గంట ప్రయాణానికే నేను మూడు సంచులు సర్దుతాను. జ్వరం మందు, థర్మామీటరు, నాలుగు జతల బట్టలు, రెండు పాలసీసాలు. "నల్లమలకు పోతాండామా మే?" అంటాడు మా ఆయన. మా పాప ఒక పక్క నేను పెట్టిందల్లా తీసి పారేస్తుంటుంది. నేను కోప్పడను. ఇంకో పాలసీసా దానికి అందని చోట, సంచి అడుగున, ఎప్పుడూ ఉంటుంది.